కె.ఎల్.రావు గారు: ఇంజినీరు వేసిన లెక్కలు, మంత్రి చేసిన పనులు. ఏవి నిలిచాయి?

కంకిపాడు_కాలువ:
అందరికీ నమస్కారం. డాక్టర్ కానూరి లక్ష్మణరావు గారి మీద తెలుగులో దొరికే వ్యాసాలు చాలావరకు రెండు మాటలతో సరిపెడుతున్నాయి: "నాగార్జునసాగర్ నిర్మాత", "గంగా-కావేరి అనుసంధాన స్వాప్నికుడు". ఆయన ఇంజినీరుగా చేసిందేమిటి, మంత్రిగా చేసిందేమిటి, ఆయన పేరు పెట్టుకున్నవాటిలో నిజంగా ఆయనవి ఎన్ని అన్నది ఒకచోట తేలితే బాగుంటుంది.

ముందుగా పేచీ లేని విషయాలు. 1902 జూలై 15న కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. బడిలో చదివే రోజుల్లో ఆటలో దెబ్బ తగిలి ఒక కంటి చూపు పోయింది. చదువు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజినీరింగ్‌లో మాస్టర్స్ డిగ్రీ అందుకున్న మొదటి వ్యక్తి ఆయనే. రంగూన్‌లో ప్రొఫెసర్‌గా పాఠాలు చెప్పారు. 1939లో బర్మింగ్‌హామ్ నుంచి పీహెచ్‌డీ. తిరిగొచ్చి మద్రాసు ప్రభుత్వంలో డిజైన్ ఇంజినీరు, రామపదసాగర్ (గోదావరి మీద తలపెట్టిన ఆనకట్ట) పని. 1950లో ఢిల్లీలో డిజైన్స్ డైరెక్టర్, 1954లో కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో చీఫ్ ఇంజినీరు. 1962, 1967, 1971లో వరుసగా విజయవాడ ఎంపీ. 1963 జూలై నుంచి 1973 దాకా కేంద్ర నీటిపారుదల, విద్యుత్ శాఖలో మంత్రి (అందులో కొంతకాలం పైన వేరే కేబినెట్ మంత్రి ఉన్నారు). పద్మభూషణ్ 1963లో. 1986 మే 18న కన్నుమూశారు.

ఇక్కడి నుంచి తెలిసినవాళ్లు అందుకోండి. మొదటి ప్రశ్న నాగార్జునసాగర్ గురించే. అంత పెద్ద ఆనకట్ట కాంక్రీటుతో కాక రాతితో ఎందుకు కట్టారు?

డిజైన్_బల్ల:
రాయి దగ్గరే దొరుకుతుంది కాబట్టి అని సాధారణంగా చెబుతారు. అది సగమే.

సాగర్‌కు 1955 డిసెంబర్ 10న నెహ్రూ గారు శంకుస్థాపన చేశారు. ఆ తర్వాత రెండు మూడేళ్లకే దేశంలో విదేశీ మారకద్రవ్యం నిండుకుంది. అంత పరిమాణంలో కాంక్రీటు పోయాలంటే క్రషర్లు, బ్యాచింగ్ ప్లాంట్లు, కేబుల్‌వేలు, కాంక్రీటును చల్లబరిచే యంత్రాలు కావాలి. అవన్నీ అప్పట్లో దిగుమతే. సిమెంటు కూడా కొరతే. రాతికట్టులో ఘనపరిమాణంలో ఎక్కువ భాగం రాయే ఆక్రమిస్తుంది, సిమెంటు మోర్టారులో మాత్రమే పడుతుంది. కాబట్టి ఘనమీటరుకు సిమెంటు బాగా తగ్గుతుంది. రెండో లాభం వేడి. సిమెంటు గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. భారీ కాంక్రీటు దిమ్మ లోపల ఆ వేడి చిక్కుకుపోతే బయట చల్లబడి, లోపల కాగుతూ పగుళ్లు వస్తాయి. అందుకే కాంక్రీటును మీటరున్నర ఎత్తు చొప్పున పోసి, చల్లారేదాకా ఆగి, మళ్లీ పోస్తారు. రాతికట్టు వరసలు నెమ్మదిగా పైకి లేస్తాయి కాబట్టి ఈ బాధ చాలా తక్కువ. మూడోది, యంత్రాలు చేసే పని వేలమంది కూలీల చేతికి వస్తుంది.

ఇవన్నీ కలిపి తూచి చూసిన తర్వాతే రాతికట్టు ఖాయమైంది. 124 మీటర్ల ఎత్తు, 1,450 మీటర్ల పొడవు రాతికట్టు భాగం, 26 గేట్లు. రెండు పక్కలా మట్టికట్టలు కలిపితే మొత్తం పొడవు దాదాపు 4.9 కిలోమీటర్లు.

ఆ ఎత్తు అంటే ఏమిటో ఒక లెక్క. నీళ్లు పూర్తి 124 మీటర్లూ నిలిచాయనుకుందాం. ఆనకట్ట ప్రతి మీటరు పొడవు మీదా నీటి తోపుడు 124 వర్గంలో సగం, అంటే సుమారు 7,690 టన్నులు. త్రిభుజాకారపు కట్టకు అడుగు వెడల్పు ఎత్తులో 0.8 వంతు తీసుకుంటే బరువు మీటరుకు దాదాపు 14,150 టన్నులు (రాతికట్టు ఘనమీటరు 2.3 టన్నుల లెక్కన). చూడ్డానికి నిశ్చింతగా ఉంది. కానీ పునాది కింద ఊరిన నీరు కట్టను పైకి ఎత్తుతుంది. దీన్నే అప్‌లిఫ్ట్ అంటారు. ఏ అడ్డూ లేకపోతే ఈ ఎత్తుడే మీటరుకు 6,150 టన్నులు. మిగిలే బరువు 8,000 టన్నులు, తోపుడు 7,690. నిష్పత్తి 0.96, అంటే జారడానికి దాదాపు సిద్ధం.

ఇప్పుడు ఎగువ ముఖానికి 8 మీటర్ల లోపల గ్యాలరీ (కట్ట లోపలి నడవా) పెట్టి, అందులోంచి పునాదిలోకి డ్రెయిన్ రంధ్రాలు వేస్తే అక్కడ ఒత్తిడి మూడో వంతుకు పడిపోతుంది. ఎత్తుడు సుమారు 2,550 టన్నులకు దిగుతుంది. నిష్పత్తి 0.66. ఇది సాగర్ అసలు కొలతలతో వేసిన లెక్క కాదు, సూత్రం అర్థం కావడానికి వేసింది. గ్యాలరీలో కనబడే ఆ చిన్న చిన్న రంధ్రాలు మూసుకుపోతే ఆనకట్ట ఎంత భద్రత కోల్పోతుందో దీంట్లో తెలుస్తుంది.

రాళ్లకట్ట:
డిజైన్_బల్ల గారి లెక్క చక్కగా ఉంది. రాతికట్టులో తేడా ఎక్కడ వస్తుందో కూడా చెప్పాలి. రాయికీ రాయికీ మధ్య మోర్టారు పూర్తిగా కూరకపోతే లోపల బోలు ఉండిపోతుంది. బయటికి కనబడదు. నీరు నిండాక ఆ బోలు గుండా ఊట మొదలై మోర్టారులోని సున్నాన్ని కరిగించుకుపోతుంది. గ్యాలరీ గోడలమీద తెల్లటి పొక్కులు కనబడ్డాయంటే అదే. ఏళ్లు గడిచేకొద్దీ కట్ట బరువే తగ్గుతుంది.

దీన్ని పట్టుకునే పద్ధతి: పైనుంచి డ్రిల్ చేసి, రంధ్రాన్ని కొంత కొంత మేర మూసి, ఒత్తిడితో నీరు ఎక్కిస్తారు. 10 బార్ల ఒత్తిడి దగ్గర మీటరుకు నిమిషానికి ఒక లీటరు పోతే ఒక ల్యూజాన్ (ఊటకు కొలమానం). ఇది ఎక్కువ వచ్చిన చోట సిమెంటు గ్రౌటు (పలచగా కలిపిన సిమెంటు) ఎక్కిస్తారు, ఎగువ ముఖం అతుకులు గీరి మళ్లీ పూస్తారు. గ్రౌటు మరీ ఎక్కువ ఒత్తిడితో ఎక్కిస్తే కట్టే విచ్చుకుంటుంది, పైగా డ్రెయిన్లు కూడా పూడుకుపోతాయి. అందుకని గ్రౌటింగ్ అయిపోయాక డ్రెయిన్లు మళ్లీ తొలవడం తప్పనిసరి. చాలాచోట్ల ఈ రెండో పనే మరిచిపోతారు.

సాగర్‌కు సిమెంటు మోర్టారు వాడారు. తుంగభద్రకు సున్నం, సుర్కీ (ఇటుక పొడి). రెండూ ఒకటే అనుకుని రాసేవాళ్లున్నారు, కాదు.

నల్లగొండ_నీళ్లు:
"కె.ఎల్.రావు కట్టిన సాగర్" అనే మాట మార్చాలండీ. అది ఒక్కరి పని కాదు. ఆనకట్ట ఇప్పుడున్న నందికొండ స్థలాన్ని ఖాయం చేసింది 1952లో వేసిన ఖోస్లా కమిటీ. అంతకుముందు హైదరాబాద్ రాష్ట్రానికి ఎగువన ఏలేశ్వరం దగ్గర ప్రతిపాదన ఉంది, మద్రాసు వాళ్లకు కృష్ణా-పెన్నార్ ప్రతిపాదన ఉంది. కృష్ణా-పెన్నార్ అయితే నీళ్లు తమిళనాడు వైపు మళ్లేవి. దాన్ని ఆపించి నందికొండ వైపు తిప్పడానికి ముక్త్యాల రాజా గారు చేసిన ప్రయత్నం చిన్నది కాదు. స్థలంలో ఏళ్ల తరబడి నిలబడి కట్టించిన చీఫ్ ఇంజినీరు మీర్ జాఫర్ అలీ గారు. కేంద్ర జల, విద్యుత్ కమిషన్‌లో డిజైన్ విభాగం రావు గారి చేతిలో ఉంది కాబట్టి డిజైన్‌లో ఆయనకు పెద్ద వాటా, ఆ మాట నిజం. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ గారు కాలువలకు నీళ్లు వదిలేనాటికి ఆయన అదే శాఖలో మంత్రి.

ఇంకో సంగతి కూడా రాయండి. కుడి కాలువ 203 కిలోమీటర్లు, ఎడమ కాలువ 179 కిలోమీటర్లు, రెండింటికీ తలదగ్గర సామర్థ్యం చెరి 11,000 క్యూసెక్కులే (సెకనుకు ఒక ఘనపుటడుగు ఒక క్యూసెక్కు). కాగితం మీద సమానం. అయినా చివరి భూములకు నీళ్లు అందకపోవడం రెండు వైపులా దశాబ్దాల గోడు. కారణాలు: మట్టి కాలువలో ఇంకిపోవడం, తూముల దగ్గర పైవాళ్లు ఎక్కువ తీసుకోవడం, ఆరుతడి పంటలకని ఇచ్చిన నీటితో వరి వేయడం. ఆనకట్ట డిజైన్‌కు పడిన శ్రద్ధ పంట కాలువ దగ్గరకొచ్చేసరికి పలచబడింది. ఆయన మీద అభిమానం ఉన్నవాళ్లు కూడా ఈ మాట ఒప్పుకోవాలి.

జలాశయం మట్టం 590 అడుగులు. 510 దాకా దిగితే కాలువలకు ఇక సరిగా ఎక్కదు. ఆ మట్టం దగ్గర ఇంకా దాదాపు 131 టీఎంసీలు (ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు) ఉన్నట్టు కనబడుతుంది, పేపర్లలో "సాగర్‌లో 131 టీఎంసీలు" అని వస్తుంది. పొలానికి అందేది సున్నా.

కంకిపాడు_కాలువ:
నల్లగొండ_నీళ్లు గారూ, సరిదిద్దినందుకు ధన్యవాదాలు. మీర్ జాఫర్ అలీ గారి పేరు లేకుండా సాగర్ గురించి రాయడం అన్యాయమే. రామపదసాగర్ సంగతి ఎవరైనా చెబుతారా? ఇప్పటి పోలవరం అదేనా?

గోదారి_ఒడ్డు:
చోటు దాదాపు అదే, ఆలోచన వేరు. 1940లలో ఎల్. వెంకటకృష్ణ అయ్యర్ గారి ప్రణాళిక. పూర్తి మట్టం 208 అడుగులు, నిల్వ 836 టీఎంసీలు. ఇప్పటి పోలవరం పూర్తి మట్టం 150 అడుగులు, నిల్వ 194 టీఎంసీలు. నాలుగు రెట్లకు పైగా తేడా చూడండి. 1946-47 నాటి అంచనా 129 కోట్లు.

ఆగిపోవడానికి డబ్బొక్కటే కారణం కాదు. అక్కడ గోదావరి గర్భంలో గట్టి రాయి చాలా లోతున ఉంది, పైనంతా ఇసుక. రాయిదాకా తవ్వాలంటే పక్కల నుంచి ఇసుక కూలుతుంది, అడుగునుంచి నీరు ఉబుకుతుంది, మళ్లీ వరద వచ్చేలోగా ఆ గుంటలో పని తేల్చాలి. అప్పటి పరికరాలతో అది సాహసం. నేల యాంత్రిక శాస్త్రానికి ఆద్యుడైన కార్ల్ టెర్జాగీని సలహాకు పిలిచిన ప్రాజెక్టు అది. రావు గారు ఆ తర్వాత అంతర్జాతీయ సాయిల్ మెకానిక్స్ సంఘానికి ఉపాధ్యక్షులయ్యారు. కట్టకుండా మిగిలిపోయిన ప్రాజెక్టు కూడా ఇంజినీరును తయారుచేస్తుందనడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

ఇప్పటి పోలవరంలో రాయిదాకా తవ్వకుండా ఇసుకలోనే కాంక్రీటు అడ్డుగోడ దించి, పైన మట్టి-రాతి కట్ట వేసే పద్ధతి పట్టారు. ఆ గోడ తర్వాత వరదల్లో దెబ్బతిని మళ్లీ కొత్తది వేయాల్సి వచ్చింది. అక్కడి ఇసుక ఎంత మొండిదో అందులోనే ఉంది.

తీర్పు_పుటలు:
ఒక పొరపాటు చాలాచోట్ల తిరుగుతోంది: "కృష్ణా నీటిలో ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు ఇచ్చింది కె.ఎల్.రావు" అని. కాదు. 1963 మార్చిలో పార్లమెంటులో ఆ పంపకం (మహారాష్ట్రకు 400, మైసూరుకు 600, ఆంధ్రప్రదేశ్‌కు 800) ప్రకటించినప్పుడు మంత్రి హఫీజ్ మహమ్మద్ ఇబ్రహీం గారు. రావు గారు ఆ శాఖకు వచ్చింది జూలైలో.

ఆయన హయాంలో జరిగింది వేరు. మాటలతో తేలక, 1956 నాటి అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టం కింద 1969లో కృష్ణా, గోదావరి, నర్మదలకు ట్రిబ్యునళ్లు వేశారు. నర్మద మీద అంతకుముందే 1964లో ఖోస్లా గారి కమిటీ వేసి రాజీకి ప్రయత్నించారు, మధ్యప్రదేశ్ ఒప్పుకోలేదు.

కృష్ణా ట్రిబ్యునల్ (బచావత్) తీర్పు 1973లో వచ్చింది. 78 ఏళ్ల ప్రవాహ లెక్కలు పరిచి, నాలుగేళ్లలో మూడేళ్లు కచ్చితంగా వచ్చే నీరు 2,060 టీఎంసీలని తేల్చారు. దీన్నే 75 శాతం విశ్వసనీయత అంటారు. అందులో మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఆంధ్రప్రదేశ్‌కు 800. పొలాల నుంచి తిరిగి నదిలో కలిసే నీటి వాటాలు దీనికి అదనం. లోపల చూస్తే సాగర్‌కు 281, కృష్ణా డెల్టాకు 181.2.

సొంత రాష్ట్రం కక్షిదారుగా ఉన్న తగాదాలో కేంద్ర మంత్రిగా కూర్చోవడం సుఖమైన కుర్చీ కాదు. కర్ణాటక, మహారాష్ట్ర ఆయన్ని ఆంధ్రా మనిషి అన్నాయి, ఆంధ్రాలో కొందరు మనకేమీ చేయలేదన్నారు. ఇక్కడ ఇంజినీరు లెక్క చాలలేదు, న్యాయమూర్తి కావలసి వచ్చింది.

పంపుసెట్:
మంత్రిగా ఆయన కాలంలో ఎక్కువమంది జీవితాన్ని తాకిన పని ఆనకట్ట కాదు, కరెంటు. 1965-66, 1966-67 కరువుల తర్వాత గ్రామీణ విద్యుదీకరణ లక్ష్యమే మారింది. అంతకుముందు "ఎన్ని ఊళ్లకు దీపాలు" అని లెక్క. తర్వాత "ఎన్ని బావులకు పంపులు" అని. 1969 జూలై 25న రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్ పుట్టింది. రాష్ట్ర విద్యుత్ బోర్డులకు లైన్లు లాగడానికి అప్పిచ్చే సంస్థ అది. దాని వెనక రిజర్వ్ బ్యాంకు వేసిన గ్రామీణ పరపతి సమీక్షా కమిటీ సిఫారసు ఉంది.

కాలువ రాని మెట్ట ప్రాంతాలకు ఇదే నీరు. తర్వాత్తర్వాత భూగర్భ జలం అడుగంటిందంటే అది వేరే తప్పు: మీటరు లేని కరెంటు, లెక్కలేని బోర్లు.

డిజైన్_బల్ల:
మంత్రిగా ఉండగా ఆయన ఎదుర్కొన్న మరో పరీక్ష 1967 డిసెంబర్ 11న మహారాష్ట్రలో వచ్చిన కోయనా భూకంపం. 103 మీటర్ల ఆనకట్ట కూలలేదు. కానీ దిగువ ముఖం వాలు ఒక్కసారిగా మారే మట్టం దగ్గర అడ్డంగా పగుళ్లు వచ్చాయి. కొమ్మ ఎక్కడ సన్నబడుతుందో అక్కడే విరుగుతుంది కదా, అదే సూత్రం. తర్వాత బట్రెస్‌లు (ఆనుడు గోడలు) కట్టి బలపరిచారు. దక్కన్‌కు భూకంపాల భయం లేదనే నమ్మకం ఆ రోజుతో పోయింది. 1970లో భూకంప కోడ్ సవరించినప్పుడు "సున్నా" జోన్ (భూకంప భయం లేదనుకున్న ప్రాంతం) తీసేశారు.

కంకిపాడు_కాలువ:
ఇప్పుడు అసలు పెద్దది: గంగా-కావేరి. ఆయన్ని పొగిడేవాళ్లూ దీన్నే చూపిస్తారు, విమర్శించేవాళ్లూ దీన్నే చూపిస్తారు. లెక్క వేసి చూపించండి.

ఎత్తిపోతల:
1972 నాటి ప్రతిపాదన ఇది. పాట్నా దగ్గర గంగ నుంచి వరద కాలంలో 150 రోజులపాటు 60,000 క్యూసెక్కులు తీసుకోవాలి. అందులో 10,000 గంగా బేసిన్‌లోనే (గంగలోకి నీరు చేరే ప్రాంతంలోనే) వాడాలి. మిగిలిన 50,000 క్యూసెక్కులు 549 మీటర్ల ఎత్తుకు ఎత్తి సోన్, నర్మద, గోదావరి, కృష్ణా, పెన్నార్ బేసిన్ల మీదుగా కావేరికి. పొడవు 2,640 కిలోమీటర్లు. ఆయకట్టు 40 లక్షల హెక్టార్లు. అంచనా 12,500 కోట్లు. కావలసిన విద్యుత్తు 5,000 నుంచి 7,000 మెగావాట్లు అన్నారు.

కాగితం తీసుకుని వేయండి. 50,000 క్యూసెక్కులంటే సెకనుకు 1,416 ఘనమీటర్లు. దాన్ని 9.81తో, 549తో గుణిస్తే 76 లక్షల 30 వేల కిలోవాట్లు, అంటే 7,630 మెగావాట్లు. పంపులు నూటికి నూరు శాతం సామర్థ్యంతో పనిచేస్తేనే అది. 85 శాతం వేసుకుంటే 9,000 మెగావాట్లు. 5,000 అన్న కింది అంచనాకు ఈ లెక్కలో చోటే లేదు. దారిలో కిందికి దూకే చోట్ల కొంత కరెంటు తిరిగి పుడుతుంది, నిజమే. కానీ అది వేరే చోట, తర్వాత పుట్టే కరెంటు. ఎత్తడానికి ముందే పెట్టుబడి పెట్టాలి. ఆనాటికి దేశం మొత్తం స్థాపిత సామర్థ్యం దాదాపు 16,000 మెగావాట్లు. 9,000 మెగావాట్లు 150 రోజులు నడిస్తే 3,200 కోట్ల యూనిట్లు దాటుతుంది. అప్పటి దేశపు ఏడాది ఉత్పత్తిలో దాదాపు సగం.

ఇక నీరు. 60,000 క్యూసెక్కులు ఒక రోజు పారితే 5.18 టీఎంసీలు. 150 రోజులకు 777. దాన్ని 40 లక్షల హెక్టార్లకు, అంటే 98.8 లక్షల ఎకరాలకు పంచితే టీఎంసీకి 12,700 ఎకరాలు. ఎకరా మీద నిలబెడితే 55 సెంటీమీటర్ల లోతు. దారిలో చుక్క కూడా పోకపోతే ఆ 55. 2,640 కిలోమీటర్లలో ఆవిరి, ఇంకుడు తీసేస్తే ఆరుతడి పంటకు కూడా బొటాబొటి.

కేంద్ర జల సంఘం పరిశీలించి చెప్పిందీ ఇదే దారిలో ఉంది: అంచనా వ్యయం బాగా తక్కువ చూపారు, విద్యుత్తు మోయలేనంత, పైగా వరద నియంత్రణకు ప్రయోజనం లేదు. ఆ చివరి ముక్క జనం పట్టించుకోరు. పాట్నా దగ్గర వరద ప్రవాహం లక్షల క్యూసెక్కుల్లో ఉంటుంది. అందులోంచి 60,000 తీస్తే ఊళ్లు మునగడం ఆగదు.

గోదారి_ఒడ్డు:
ఎత్తిపోతల గారి లెక్కలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ మీరు తూచింది ఒక దారిని, ఆలోచనను కాదు. బేసిన్ గోడ దాటి మిగులు నీటిని మళ్లించడం అనే విషయాన్ని దేశం బల్లమీదకు అంకెలతో తెచ్చింది ఆయనే. 1980లో జాతీయ దృక్పథ ప్రణాళిక, 1982లో జాతీయ జలాభివృద్ధి సంస్థ ఆ చర్చ నుంచి వచ్చినవే. అవి ఒక్క పొడవాటి కాలువను వదిలేసి పక్కపక్క నదులను చిన్న చిన్న లింకులతో కలిపే పద్ధతికి మారాయి, ఎత్తిపోతలు తగ్గేలా.

గోదావరి మీది పట్టిసీమ ఎత్తిపోతల చూడండి. 24 పంపులు, 8,500 క్యూసెక్కులు, పోలవరం కుడి కాలువ మీదుగా ప్రకాశం బ్యారేజీకి. రోజుకు 0.73 టీఎంసీ. ఎత్తు తక్కువ, దూరం తక్కువ కాబట్టి నిలబడింది. గంగా-కావేరి ఎక్కడ విరిగిందో సరిగ్గా అక్కడే ఇది నిలిచింది.

ఎత్తిపోతల:
ఒప్పుకుంటాను. ఆయన తన ప్రతిపాదనను క్యూసెక్కుల్లో, మీటర్లలో, రోజుల్లో చెప్పారు కాబట్టే యాభై ఏళ్ల తర్వాత కూడా మనం కాగితం మీద పరీక్షించగలుగుతున్నాం. "నదులన్నీ కలిపేస్తాం" అని ఊరుకునే నాయకుణ్ణి ఏ లెక్కతో పట్టుకుంటాం?

రాళ్లకట్ట:
పశ్చిమ బెంగాల్‌లో గంగ మీది ఫరక్కా కూడా జాబితాలో ఉండాలి. 109 స్పాన్ల బ్యారేజీ, పనులు ఎక్కువ భాగం ఆయన మంత్రిత్వంలో నడిచాయి. 1975 ఏప్రిల్ 21న నీళ్లు వదిలేనాటికి ఆయన మంత్రి కాదు. 40,000 క్యూసెక్కులు హుగ్లీలోకి మళ్లిస్తే కలకత్తా రేవులో మేట కొట్టుకుపోతుందన్నది 1957లో వాల్టర్ హెన్సెన్ నివేదిక మీద నిలబడ్డ లెక్క. అప్పుడే బెంగాల్ ఇంజినీరు కపిల్ భట్టాచార్య వ్యతిరేకించారు. వేసవిలో గంగలో అంత నీరే ఉండదు, ఎగువన మేట పెరిగి వరదలు వస్తాయన్నారు. రేవు ఆశించినట్టు లోతు కాలేదు, తవ్వకం ఆగలేదు. ఎగువన ఒడ్డు కోత మాల్దా, ముర్షీదాబాద్‌లలో ఇప్పటికీ ఊళ్లను తినేస్తోంది. ఇది రావు గారి ఖాతాలోనే పూర్తిగా వేయడం తప్పు, తీసేయడమూ తప్పు.

కృష్ణా_డెల్టా:
ఆయన పేరు అధికారికంగా మోస్తున్న ప్రాజెక్టు గురించి ఎవరూ ఎత్తలేదు. డాక్టర్ కె.ఎల్.రావు సాగర్ పులిచింతల. ఆయన పోయిన తర్వాతే కట్టారు. 2004లో పనులు మొదలై 2013 డిసెంబరులో జాతికి అంకితమైంది. 45.77 టీఎంసీలు, 24 గేట్లు, మట్టం 175 అడుగులు.

ఎందుకు కావాలో డెల్టా రైతును అడిగితే ఒక్క ముక్కలో చెబుతాడు: బ్యారేజీ దగ్గర దాచుకునే చోటు లేదు. ప్రకాశం బ్యారేజీ నిల్వ 3.07 టీఎంసీలు. 35,500 క్యూసెక్కులు ఒక్క రోజు వస్తే నిండిపోతుంది, రెండో రోజు నుంచి సముద్రానికే. సాగర్‌లో కరెంటు కోసం వదిలిన నీళ్లు, మూసీ నుంచి వచ్చిపడే వాన నీళ్లు డెల్టాకు అవసరం లేని రోజున వస్తే పట్టి ఉంచే పాత్ర లేదు. పులిచింతల సాగర్‌కు 115 కిలోమీటర్ల దిగువన, బ్యారేజీకి 85 కిలోమీటర్ల ఎగువన. మూసీ దానికి ఎగువనే కలుస్తుంది కాబట్టి ఆ నీరూ చిక్కుతుంది. మున్నేరు దిగువన కలుస్తుంది, చిక్కదు. జూన్‌లో నారుమళ్లకు సాగర్ వైపు చూడకుండా నీళ్లివ్వగలగడం దీని అసలు ఫలం. డెల్టా వాటా 181.2లో నాలుగో వంతు ఒక్కసారి నింపితే చేతిలో ఉంటుంది.

2021 ఆగస్టు 5న 16వ గేటు ఊడి కొట్టుకుపోయింది. 18.5 మీటర్ల వెడల్పు, 17 మీటర్ల ఎత్తు రేడియల్ గేటు అది. ఈ రకం గేట్లలో నీటి తోపుడంతా రెండు చేతుల గుండా పోయి వెనకనున్న ట్రనియన్ (గేటు తిరిగే ఇరుసు) దగ్గర దిమ్మెలోకి దిగుతుంది. అక్కడ ఎడమ, కుడి చేతుల్లో ఒకటి ముందు లేచినా, పిన్ను బిగుసుకున్నా గేటు మెలితిరుగుతుంది. స్టాప్‌లాగ్ గేటు (అసలు గేటు బదులు దించే అడ్డు) దించాలంటే పారే నీటిలో దిగదు కాబట్టి, జలాశయం ఖాళీ చేసి దించారు. వరద తగ్గకముందే అంత నీరు సముద్రంపాలయింది. నిర్వహణలో ఏటా చూడాల్సినవి: ట్రనియన్‌కు గ్రీజు చేరుతోందా, రెండు వైపుల తాళ్ల బిగువు సమానమా, వెల్డింగ్‌లో పగుళ్లున్నాయా, స్టాప్‌లాగ్ గేట్లు, వాటి క్రేను వెంటనే పనికొచ్చే స్థితిలో ఉన్నాయా.

కంకిపాడు_కాలువ:
చాలా దొరికింది. చివరిగా ఒకటి. ఈ తేదీలు, అంకెలు సరిచూసుకోవడానికి ఏ క్రమంలో వెళ్లాలి?

తీర్పు_పుటలు:
మూడు దొంతరలుగా పెట్టుకోండి. పదవులు, తేదీలకు లోక్‌సభ సభ్యుల పరిచయ సంపుటాలు. మంత్రిగా ఏ రోజు ఏమన్నారో తెలియాలంటే లోక్‌సభ చర్చలు: శాఖ పద్దుల మీద ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో జరిగే చర్చ ముందు చదవండి, ప్రశ్నోత్తరాలు తర్వాత. నీటి అంకెలకు బచావత్ నివేదిక 1973, తదుపరి నివేదిక 1976 రెండూ పక్కపక్కన పెట్టుకోవాలి, మొదటిదాంట్లోని కొన్ని అంకెలు రెండోదాంట్లో వివరణతో మారాయి.

అంకె ఎత్తిరాసేటప్పుడు రెండు జాగ్రత్తలు. జలాశయం సామర్థ్యం ఏ ఏటి సర్వే ప్రకారమో రాయండి. సాగర్‌కు మొదట 408 టీఎంసీలు, పూడిక కొలిచాక 312. రెండూ నిజమే, కాలం వేరు. ఆనకట్ట ఎత్తు పునాది నుంచా, నది గర్భం నుంచా అన్నదీ రాయండి.

నల్లగొండ_నీళ్లు:
కంకిపాడు_కాలువ గారూ, వ్యాసం రాశాక ఎడమ కాలువ భాగం ఇక్కడ పెట్టండి, చివరి భూముల సంగతి సరిగా పడిందో లేదో చూస్తాం. ఒక రోజు పారిన క్యూసెక్కులను టీఎంసీలుగా మార్చేటప్పుడు 11,574తో భాగించండి, 11,000తో కాదు. చాలా వ్యాసాల్లో అక్కడే తేడా కొడుతోంది.